డ్రై అని రాస్తే డ్రై

ఇంగ్లీషు నిఘంటువులో ‘డ్రై’ అన్న మాట తీస్తే అర్థాలు ఒక పట్టాన తెమలవు. ఆరిన బట్ట డ్రై, వెన్న రాయని రొట్టె డ్రై, తీపి లేని ద్రాక్షసారా డ్రై, వట్టిపోయిన ఆవు డ్రై, కఫం పడని దగ్గు డ్రై, మొహం కదపకుండా విసిరే చురక డ్రై, చప్పటి ఉపన్యాసమూ డ్రైయే. వీటిలో కొన్నిటిని మనం ఉన్నవి ఉన్నట్టు తెచ్చుకున్నాం: డ్రై ఫ్రూట్స్, డ్రై స్కిన్, డ్రై క్లీనింగ్ (అందులోనూ బట్ట తడుస్తుంది, కాకపోతే నీళ్లతో కాదు). ఇవన్నీ దుకాణాల దారిన వచ్చిన అర్థాలు. కృష్ణా డెల్టాలో ఈ మాటకు అంతకంటే పాత చరిత్ర ఉంది. అది తాలూకా కచేరీ దారిన వచ్చింది. భూమి లెక్కల్లో ‘వెట్’ పక్కన ‘డ్రై’గా మొదలై, మద్యనిషేధ చట్టంతో రెండో అర్థం సంపాదించుకుని, ఇవాళ పాసుపుస్తకంలోనూ గాంధీ జయంతి నాటి మూతపడ్డ దుకాణం ముందూ ఒకేలా వినిపిస్తోంది. ఈ రెండు వాడుకలనూ దగ్గర పెట్టి చూస్తే నాకు తోచేది ఒకటే. ఈ నేల మీద నూట యాభై ఏళ్లుగా ఈ విశేషణం తేమ సంగతి చెప్పింది తక్కువ. ఎవరు ఎంత కట్టాలి, ఎవరికి నీళ్లు వదలాలి, ఎవరు ఎన్ని ఎకరాలు ఉంచుకోవచ్చు, ఎవరిని పోలీసు పట్టుకెళ్లాలి అన్న సంగతులే ఎక్కువ చెప్పింది.

ఇప్పుడు విజయవాడ నుంచి బందరు దాకా పరుచుకున్న వరిపొలాలను చూసినవారికి ఇది అనాదిగా మాగాణి దేశమే అనిపిస్తుంది. ఆనకట్టకు ముందు సంగతి వేరు. ఈ భూముల్లో అత్యధిక భాగం వాన మీదా, కృష్ణ పొర్లిన ఏడు మిగిలిపోయిన తేమ మీదా బతికేది. జొన్న, వరిగ, పత్తి, అపరాలు పండేవి. వరి చెరువుల కిందా, పల్లపు చేలల్లోనూ ఉండేది. 1832-33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువును జనం డొక్కల కరువన్నారు. గుంటూరు ప్రాంతంలో లక్షకు పైగా మనుషులు పోయారు. కృష్ణ పక్కనే ఉంది, దాన్ని పొలానికి ఎక్కించే దారి లేదు. ఆ కరువు తర్వాత సర్కారు శిస్తు కూడా ఏళ్ల తరబడి కోలుకోలేదు. ఆనకట్ట ఆలోచన కాగితాల మీద అంతకుముందే ఉన్నా, అది పనిగా మారడంలో జాలి ఎంత, రాబడి చింత ఎంత అని తూకం వేయబోతే రెండోది తేలిక కాదు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ 1847-52 మధ్య కట్టించాడు. అది కాసులు కురిపిస్తుందని రుజువయ్యాక, 1852లో కెప్టెన్ చార్లెస్ ఓర్ చేతి కింద బెజవాడలో ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య పని మొదలై 1855లో ముగిసింది. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ ఇటు తూర్పున, కొమ్మమూరు కాలువ అటు పడమర నీళ్లు మోసుకెళ్లాయి. పత్తి, జొన్న వేసిన రేగళ్లలో రెండు మూడు దశాబ్దాల్లో వరి నిలబడింది.

చిక్కు అక్కడే మొదలైంది. నీళ్లు వచ్చాయి సరే, వాటికి వెల ఎలా కట్టాలి? మొదట్లో డెల్టా భూములకు మెట్ట శిస్తే వేసి, కాలువ నీరు తీసుకున్న ఎకరానికి దానిపైన నీటి తీరువా వసూలు చేశారు. అంటే మోకాటి లోతు నీళ్లలో ఊడ్పులు సాగుతున్న చేను కూడా లెక్కల్లో డ్రైగానే ఉంది, డ్రై భూమి మీద కొనుక్కున్న నీరు ఉంది, అంతే. తర్వాత రీసెటిల్‌మెంట్ల కాలంలో ఏటా నమ్మకంగా నీరందే భూములను ‘వెట్’గా మార్చి, శిస్తూ తీరువా కలిపేసి ఒకే రేటు కట్టారు. ఆ మార్పు జరిగిన రోజున పొలంలో మారిందేమీ లేదు. అదే మట్టి, అదే బోదె, అదే తూము. మారింది కరణం దగ్గరి పుస్తకంలో ఒక గడి. ఇంగ్లీషూ తెలుగూ పక్కపక్కనే రాసే ఆ సెటిల్‌మెంటు పుస్తకాన్ని రెవెన్యూవాళ్లు ఇప్పటికీ డైగ్లాట్ అనే పిలుస్తారు. సర్వే నంబరు తగాదా వస్తే ఇవాళ్టికీ దుమ్ము దులిపి తీసేది దాన్నే.

ఈ గడికి చట్టం ఇచ్చిన బలాన్ని చూడాలంటే 1865 నాటి మద్రాసు ఇరిగేషన్ సెస్ చట్టం చదవాలి. సర్కారుకు చెందిన నది, వాగు, కాలువ, చెరువు, దేని నీరు వాడుకున్నా వేరే సెస్సు వేసే అధికారం ఆ చట్టం ఇచ్చింది. 1900లో దాన్ని సవరించి ఇంకో మెట్టు ఎక్కించారు. రైతు తూము ఎత్తి నీరు పెట్టుకోనక్కరలేదు. పక్క చేలోంచి పారి వచ్చినా, ఊటగా దిగినా, మురుగై చేరినా సరే, ఆ తడి పంటకు మేలు చేసిందనీ సరిపోయిందనీ కలెక్టరు అభిప్రాయపడితే పన్ను పడుతుంది. నేను ఎక్కువగా ఆగేది ఈ ‘అభిప్రాయపడితే’ దగ్గరే. తడి ఉందా లేదా అన్నది చేతితో ముట్టి తేల్చుకునే సంగతి కాకుండా, కచేరీలో తేలే సంగతి అయింది. జమీందార్లు ఊరుకోలేదు. శాశ్వత బందోబస్తులో మా పేష్కష్ అప్పుడే తేలిపోయింది, మళ్లీ నీటికి వేరే పన్నేమిటని కోర్టులకెక్కారు. ఉత్తరాంధ్రలోని ఉర్లాం జమీందారు కేసు ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి 1917లో జమీందారు పక్షాన తేలింది. చల్లపల్లి, నూజివీడు వంటి జమీందారీలు ఉన్న కృష్ణా జిల్లాలో ఆ తీర్పును ఎంత ఆసక్తిగా చదివి ఉంటారో ఊహించుకోవచ్చు. చిన్న రైతుకు మాత్రం లండన్ దాకా వెళ్లే స్తోమత లేదు. అతనికి మిగిలింది కరణం, రెవెన్యూ ఇనస్పెక్టరు, జమాబందీ.

ఇక్కడ ఎవరైనా అడ్డుపడవచ్చు: ఈ విభజన ఇంగ్లీషువాడు తెచ్చిందా? మెట్ట, పల్లం, మాగాణి మన మాటలు కావా? అరవంలో నంజై, పుంజై లేవా? నైజాంలో తరీ, ఖుష్కీ అని రాయలేదా? పారసీలో ఆ రెండు మాటలకూ అర్థం తడి, పొడి అనే కదా? నిజమే. వెట్, డ్రై అన్నవి కొత్తగా పుట్టిన భావాలు కావు, పాతవాటికి అనువాదాలు. అయితే పాతకాలంలో ఆ మాటలు చేసే పని వేరు. మాగాణి మీద సర్కారుకు ఎక్కువగా పంటలో పాలు ముట్టేది. కళ్లంలో కుప్పను చూసి పంచుకునేవారు. పండని ఏడు పంచడానికి ఏమీ ఉండదు. మెట్టకు నగదు రూపంలో కట్టే అలవాటు ఎక్కువ. అంటే తడి అన్నది ఆ ఏటి పంటను బట్టి తేలేది. ఆ పద్ధతి న్యాయమైనదని నేను చెప్పబోవడం లేదు. ఇజారాదారు కళ్లం దగ్గరే రైతును పిండేవాడు, కొలతల్లో మోసాలకు అంతుండేది కాదు. చెప్పదలచింది తేడా ఒక్కటే: సెటిల్‌మెంటు తర్వాత తడి అన్నది ఆ ఏటి కబురు కావడం మానేసి సర్వే నంబరుకు అంటిన పేరయింది. వాన వచ్చినా రాకపోయినా పేరు పేరే. నీళ్లు రాని ఏడు వజా (శిస్తు మినహాయింపు) కోసం అర్జీ పెట్టుకోవాలి. అర్జీ పెట్టుకోవలసి వచ్చిందంటేనే నిజం చూపించే బరువు రైతు నెత్తికి మారిందని అర్థం.

1920ల చివర రెండు డెల్టాల్లో జరిగిన రీసెటిల్‌మెంటు ఆందోళన ఈ మార్పుకు వచ్చిన జవాబు. రూపాయికి మూడణాలు, అంటే 18¾ శాతం శిస్తు పెంచాలన్న ప్రతిపాదన మీద కృష్ణా గోదావరి రైతులు సభలు పెట్టారు, సంఘాలు కట్టారు. ఎన్.జి. రంగా వంటివారు పల్లెల్లో అప్పులు, ఖర్చులు లెక్కలు కట్టి సర్కారు లెక్కకు ఎదురు లెక్క నిలబెట్టే పని చేశారు. అంతలో 1929 మాంద్యం వచ్చి ధాన్యం ధర పడిపోయింది. ఆ వాదనలన్నిటి వెనుకా ఉన్న ప్రశ్న ఒకటే. వెట్ అని రాసినంత మాత్రాన ఆ ఎకరం లాభసాటిదని ఎవరు చెప్పారు? పల్లపు చేలల్లో మురుగు నిలిచి పంట కుళ్లే బాధ వెట్ భూమికే ఎక్కువ. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ బాధ తీరలేదు. 1968లో కృష్ణా గోదావరి డెల్టాలకు ప్రత్యేకంగా డ్రైనేజీ సెస్ చట్టం చేశారు. నీరు తెచ్చినందుకు ఒక పన్ను, అది పోవడానికి ఒక పన్ను. మెట్ట రైతు ఈ రెండిటికీ నోచుకోలేదు మరి!

రెండో అభ్యంతరం ఇంజనీర్లది, అది మొదటిదానికంటే గట్టిది. నీరు పల్లమెరుగు. కాలువ మట్టానికి పైన ఉన్న చేనుకు ఎంతటి కలెక్టరు రాసినా నీరెక్కదు, దిగువ ఉన్నదానికి ఎవరూ రాయకపోయినా దిగుతుంది, కాబట్టి ఈ విభజన భూమి చేసిందే గాని సర్కారు చేసింది కాదంటారు. ఆనకట్ట కట్టిన తొలి రోజులకు ఈ మాట చాలావరకు వర్తిస్తుంది. నాగార్జునసాగర్ వచ్చాక వర్తించదు. 1967లో ఆ కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ పల్నాడుకూ ఎడమ కాలువ కృష్ణా జిల్లా ఎగువ తాలూకాలైన జగ్గయ్యపేట, నందిగామ వైపుకూ వచ్చింది. ఉన్న నీటిని ఎక్కువ ఎకరాలకు సర్దాలని అక్కడ లోకలైజేషన్ అని ఒకటి చేశారు: ఫలానా సర్వే నంబర్లు వెట్, ఫలానావి ఐ.డి. ఐ.డి. అంటే ఇరిగేటెడ్ డ్రై. తడిపిన పొడి అన్నమాట. రైతులు దాన్ని ఆరుతడి అన్నారు, ఆ పేరే బాగుంది. ఐ.డి. చేనుకు నీరు ఎక్కదని కాదు, ఎక్కుతుంది. వరి వేయకూడదు, అంతే. పత్తో మిరపో వేసుకుని అప్పుడప్పుడూ తడి పెట్టుకోవాలి. ఇక్కడ డ్రై అన్నది మట్టం చెప్పిన మాట కాదు, చట్టం చెప్పిన మాట. కాలువ మొదట్లో ఉన్నవారు దాన్ని లెక్కచేయకుండా ఐ.డి. భూముల్లోనూ వరి ఊడ్చారు. శివారు భూములకు వెట్ అని రాసి ఉన్నా నీరు చేరలేదు. కాగితం మీద డ్రై ఉన్నచోట వరి, వెట్ ఉన్నచోట బీడు. దశాబ్దాలుగా సాగర్ ఆయకట్టు తగాదాల్లో సగం ఇదే.

ఇంజనీర్ల మాటను అయినా పూర్తిగా కొట్టిపారేయలేను. డెల్టా ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు. అందరూ సార్వా, దాళ్వా రెండూ వరే వేస్తామంటే కృష్ణ చాలదు. పంచుకోవాలంటే పేర్లు పెట్టక తప్పదు. 2015లో ఎగువ నుంచి నీరు రాక డెల్టా అల్లాడింది. ఆ తర్వాత పట్టిసీమ నుంచి గోదావరి నీరు ఎత్తి తెచ్చుకోవలసి వచ్చింది. అలాంటి ఏడు పంపకం కోసం రాసిన పేరుకు విలువ ఉంటుంది. నా అభ్యంతరం పేరు పెట్టడం మీద లేదు, పెట్టిన పేరు నీటి పంపకం దాటి ఇతర చోట్లకు వెళ్లి పెత్తనం చేయడం మీద ఉంది. దానికి మంచి ఉదాహరణ 1973 భూసంస్కరణల చట్టం. ఐదుగురున్న కుటుంబం ఉంచుకోదగ్గ భూమి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు అన్నారు. తరగతులు చేసిన పద్ధతి చూడండి: మేలైన తరగతిలో 10 ఎకరాల తడికి 35 ఎకరాల పొడి సమానం, కడపటి తరగతిలో 27కు 54 సమానం. తడికీ పొడికీ మారకపు రేటు ఒకచోట మూడున్నర, ఒకచోట రెండు. ఏ భూమి ఏ తరగతి అనడానికి ఆధారం రెవెన్యూ లెక్కలు. నూరేళ్లనాడు పన్ను వసూలు కోసం రాసిన గడి ఇప్పుడు ఎవరి భూమి మిగులు, ఎవరిది కాదు అన్నది తేల్చింది. పన్ను తగ్గించుకోవడానికి మెట్ట అని రాయించుకున్న పెద్ద రైతుకు అదే గడి రెండోసారి కూడా మేలు చేసి ఉంటుందని అనుమానించడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు.

ఇక డెల్టా రైతు ఈ రెండు గళ్లనూ ఎంత సులువుగా దాటేస్తాడో చూడాలంటే మాగాణి మినుము చూడాలి. వరి కోతకు కొద్ది రోజుల ముందు, చేను ఇంకా నిలబడి ఉండగానే, తడి మట్టిలో మినుములు చల్లేస్తారు. కోత అయ్యేసరికి మొలక లేచి ఉంటుంది. ఆపైన నీరు పెట్టరు. మిగిలిన తేమా మంచూ చాలు. గుంటూరు పక్కన లాం పరిశోధన కేంద్రంలో పుట్టిన ఎల్‌.బి.జి. రకాలు ఈ సాగుకు పెద్ద అండ అయ్యాయి. ఇది వెట్ భూమిలో పండిన డ్రై పంట, అదీ తడి ఉండబట్టే పండిన పొడి పంట. 1988 నీటి పన్ను చట్టం ఈ సంగతి కొంత గ్రహించి, భూమి పేరును వదిలి పంటను బట్టి పన్ను వేయడానికి ప్రయత్నించింది. 1990ల సవరణ తర్వాత పెద్ద కాలువల కింద తొలి వరి పంటకు ఎకరానికి 200 రూపాయలు, ఆరుతడికి 100, చేపల చెరువుకు ఏడాదికి 500 అయింది. చేపల చెరువు వచ్చేసరికి పాత విశేషణాలు రెండూ చేతులెత్తేశాయి. కైకలూరు వైపు పన్నెండు నెలలూ నీళ్లు నిలిచి ఉండే చేనును వెట్ అంటే వరి అనుకుంటారు, డ్రై అంటే ఎవరైనా నవ్వుతారు.

ఇప్పుడు రెండో అర్థం. మద్యం లేని చోటును డ్రై అనడం అమెరికావాళ్ల వాడుక. 1920 నుంచి 1933 దాకా ఆ దేశం మొత్తం డ్రై, ఇప్పటికీ అక్కడ కొన్ని కౌంటీలు డ్రై. మన దగ్గర రాజాజీ 1937 అక్టోబరు 1న సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడపలకు పెంచాడు. తెలుగు జిల్లాల్లో తొలి డ్రై జిల్లాలు అవే. వానల లెక్కలో కూడా అవి డ్రై కావడం కాకతాళీయమే అనుకుందాం. పోయిన కల్లు, సారా రాబడికి బదులుగా 1939లో ఆయన జనరల్ సేల్స్ టాక్స్ తెచ్చాడు. కల్లుపాకలో రాలే డబ్బు ఆగితే, ఆ మేరకు బెజవాడ వన్‌టౌన్ కిరాణా వర్తకుడి గల్లాపెట్టె లోంచి తీశారు. యుద్ధకాలంలో ఆగిన నిషేధం 1946లో టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు మళ్లీ మొదలై, 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. కృష్ణా డెల్టా అప్పుడు డ్రై అయింది. కాలువ గట్ల మీదా పొలం గట్ల మీదా వరసలు కట్టిన తాళ్లు అలాగే నిలబడి ఉన్నాయి. వాటిని గీసి బతికే మనిషి మాత్రం నిన్నటిదాకా సర్కారుకు చెట్టు పన్ను కట్టినవాడు ఇవాళ నేరస్థుడయ్యాడు. మునగాల పరగణా ముచ్చట ఇంకా వింత. అది కృష్ణా జిల్లాకు చెందిన దీవి, చుట్టూ నైజాం నల్లగొండ. ఈ చట్టం కింద అది డ్రై, పొలిమేర దాటితే ఆబ్కారీ దర్జాగా నడిచే దేశం. నేలా గాలీ ఒకటే, రెండు పక్కలా తాళ్లూ ఒకటే.

1954లో ఈ రెండో డ్రై ఒక ప్రభుత్వాన్నే కూల్చింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఏడాది తిరిగేసరికి నిషేధం పనిచేస్తున్నదా అని చూడడానికి వేసిన ఎస్.వి. రామమూర్తి సంఘం దాన్ని ఎత్తేయమంది. ప్రకాశం మంత్రివర్గం ఒప్పుకోలేదు. గీత కార్మికుల ఆందోళన ఒకవైపు, శాసనసభ మరోవైపు. నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి మంత్రివర్గం పడిపోయింది. 1952లో తెగిన ఆనకట్ట స్థానంలో బ్యారేజీ పని మొదలైంది ఆ ఏడాదే. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీకి ప్రకాశం పేరే పెట్టారు. డెల్టాను తడిపే కట్టడానికీ, డెల్టాను డ్రైగా ఉంచబోయి పదవి పోగొట్టుకున్న మనిషికీ ఒకే పేరు. ఆ తర్వాత నిషేధం కాగితం మీద 1969 దాకా నిలిచింది. 1980లలో సర్కారే సారా ప్యాకెట్లు అందించింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల నుంచి అంటుకున్న ఉద్యమంతో 1993 అక్టోబరులో సారా ఆగింది. నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం తెచ్చారు. ఖజానా తట్టుకోలేదని 1997లో దాన్ని ఎత్తేశారు. రాష్ట్రం డ్రైగా ఉన్న ఆ రెండేళ్లలో తాగేవాళ్లకు దొరకలేదని చెప్పేవారు ఎవరూ లేరు. దొరికింది, ధర పెరిగింది, అమ్మినవాడి మీద కేసు పడింది.

భూమి డ్రై, మద్యం డ్రై రెండిటినీ ఒక దారానికి గుచ్చడం మాటల గారడీ అని అనిపించవచ్చు. ఒకటి నేల గుణం, రెండోది నీతి నియమం, ఇంగ్లీషులో ఒకే మాట కావడం యాదృచ్ఛికం అంటారు. మాట కలవడం యాదృచ్ఛికమే కావచ్చు, లెక్కపుస్తకం కలవడం కాదు. మద్రాసులో భూమి శిస్తునూ ఆబ్కారీనీ చూసింది ఒకే బోర్డ్ ఆఫ్ రెవెన్యూ, జిల్లాలో ఒకే కలెక్టరు. రెండు చోట్లా సర్కారుకు రాబడి తెచ్చింది తడే. చేను వెట్ అయితే శిస్తు పెరిగేది, జిల్లా వెట్‌గా ఉంటే కల్లు పాటలు పాడుకునేవారు. రెండు చోట్లా డ్రై అంటే ఖజానాకు వెలితి. అందుకే భూమిని వెట్ చేయడానికి కచేరీ చూపిన ఉత్సాహం, మనుషులను డ్రైగా ఉంచడానికి ఎన్నడూ చూపలేదు. నిషేధం పెట్టిన ప్రతిసారీ బలం ఉద్యమాల నుంచో నాయకుల పట్టుదల నుంచో వచ్చింది. ఎత్తేసిన ప్రతిసారీ కారణం ఆర్థికశాఖ నుంచి వచ్చింది. నిషేధం మంచిదా చెడ్డదా అన్నది వేరే వాదం. దూబగుంట ఆడవాళ్ల బాధ ఏ లెక్కపుస్తకానికీ అందేది కాదు. నేను మాట్లాడుతున్నది వాళ్ల కోరిక చట్టంగా మారాక ఆ మాట చేసిన పని గురించి.

ఇదంతా పాత కథ అనుకునేవారు కృష్ణకు అవతలి ఒడ్డు చూడాలి. 2015లో అమరావతి కోసం భూసమీకరణ జరిగినప్పుడు మెట్ట ఎకరానికి ఏడాదికి 30 వేల రూపాయల కౌలు, జరీబు ఎకరానికి 50 వేలు అన్నారు. పట్టా భూమికి తిరిగి ఇచ్చే వాణిజ్య స్థలం మెట్టకు 250 చదరపు గజాలు, జరీబుకు 450. కృష్ణ ఊటతో ఏడాదికి మూడు పంటలు పండే ఉండవల్లి, పెనుమాక వైపు చేలకు జరీబు అన్న పేరు ఉంది. బోరు వేసుకుని అంతే పచ్చగా పండించినా, లెక్కలో మెట్ట అని ఉంటే మెట్ట రేటే. పక్కపక్క చేల మధ్య ఏటా కనీసం 20 వేల తేడా, స్థలంలో 200 గజాల తేడా. రాజధాని ప్రాంతంలో గజం విలువ తెలిసినవారికి ఆ గడి బరువు ఎంతో వేరే చెప్పనక్కరలేదు. ఇటు కొల్లేరు వైపు చూస్తే ఇంకో మెలిక. రెవెన్యూ లెక్కలో వెట్ ల్యాండ్ అంటే వరి వేసుకోవాల్సిన భూమి. 1999లో +5 కాంటూరు లోపల సుమారు 77 వేల ఎకరాలను అభయారణ్యం చేసి, 2002లో రామ్‌సార్ జాబితాకు ఎక్కించాక, వెట్‌ల్యాండ్ అంటే ఎవరూ వేలు పెట్టకూడని చిత్తడి. ఒకే చోట, రెండు శాఖల కాగితాల్లో, ఒకే విశేషణం ఒకసారి సాగు చేయమంటుంది, ఒకసారి చేయవద్దంటుంది. 2006లో పొక్లెయిన్లు వచ్చి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు, జిరాయితీ పట్టా చేతిలో పట్టుకున్న రైతుకు ఏ శాఖ అర్థాన్ని నమ్మాలో తెలియలేదు.

2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో భూముల రీసర్వే మొదలుపెట్టారు. నూరేళ్లనాటి సర్వేను డ్రోన్లతో, రోవర్లతో సరిచేస్తామన్నారు. హద్దులు అంగుళాలతో సహా కొలుస్తున్నారు, మంచిదే. హద్దుల పక్కనే ఉన్న ‘భూమి స్వభావం’ గడిని మాత్రం పాత పుస్తకం నుంచి ఎత్తి రాస్తే సరిపోదు. ఆ మాట ఏ సంవత్సరం, ఏ నీటి ఆధారాన్ని చూసి రాశారో పక్కనే తేదీతో సహా ఉండాలి. గత ఐదేళ్లలో చేనులో నిజంగా ఏం పండిందో అడంగల్‌తో పోల్చి చూడాలి. మారితే మార్చాలి, మార్చినప్పుడు పట్టాదారుకు కాగితం ఇవ్వాలి. పొలం ఉన్న పాఠకులు ఇది చదివాక ఒక పని చేయండి. పాసుపుస్తకం తీసి ఆ గడిలో ఏమని ఉందో చూడండి. చేనులో ఉన్నదీ అందులో ఉన్నదీ ఒకటి కాకపోతే, రీసర్వే మీ ఊరు దాటిపోకముందే తహసీల్దారుకు అర్జీ పెట్టండి.